లుబెరాన్ పల్లెల్లో విల్లా సెలవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఫ్రాన్స్‌లో ఉంటాం కాబట్టి వేసవి దగ్గరపడితే చాలు, చుట్టాలూ స్నేహితులూ వాళ్ల స్నేహితులూ దక్షిణ ఫ్రాన్స్ గురించి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. నా సలహా మాత్రం మొదటే చెప్పేస్తాను: ఒకే ప్రాంతం, ఒకే ఇల్లు, కనీసం ఒక వారం. రోజుకో హోటల్ మారుతూ తిరిగితే ఈ పల్లెలు మీకు కనిపించవు, వాటి పార్కింగులు మాత్రమే కనిపిస్తాయి.

ఫ్రాన్స్ అంటే పారిస్ కదా, ఈ లుబెరాన్ ఎక్కడుంది?

ప్రొవాన్స్‌లో, మార్సేకి ఉత్తరంగా, అవిన్యోన్‌కి తూర్పుగా సాగే కొండల వరస లుబెరాన్. మరీ ఎత్తయినవి కావు, అన్నిటికన్నా పెద్ద శిఖరం మూర్ నేగ్ర్ 1125 మీటర్లు, అంతే. ఈ కొండల అంచుల్లో, ఎదురుగా ఉన్న గుట్టల మీద, శత్రువులకి అందకుండా కట్టుకున్న పాత రాతి ఊళ్లున్నాయి. కింద లోయలో ద్రాక్షతోటలు, చెర్రీ చెట్లు, ఆలివ్ చెట్లు. 1977 నుంచి ఇది ప్రాంతీయ ప్రకృతి పార్కు, అంటే జనం ఉంటూ వ్యవసాయం చేసుకుంటూనే కొత్త కట్టడాల మీద, కొండల వాడకం మీద నియమాలు పాటించే ప్రాంతం. ఎక్కడపడితే అక్కడ హోటళ్లూ హోర్డింగులూ కనిపించకపోవడానికి అదొక కారణం.

సముద్రం కావాలంటే నీస్ వైపు వెళ్లండి. పాత ఊళ్లు, రాయి, పొలాలు, సంతలు చూడాలంటే ఇక్కడికి రండి. వారంలో రెండూ కలపాలని చూడకండి, దేన్నీ సరిగ్గా చూడలేరు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఈ ప్రశ్న వెనకాల లావెండర్ ఉంటుందని నాకు తెలుసు కాబట్టి ముందు దాని సంగతి. సెనాంక్ మఠం ముందున్న లావెండర్, వలెన్సోల్ పీఠభూమి మీదున్నది సాధారణంగా జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా బాగుంటాయి. ఆ తర్వాత కోతలు మొదలవుతాయి, ఒక్కరోజులో పొలం మొత్తం బోడిగా మారిపోవచ్చు. కాస్త ఎత్తున ఉన్న సో ఊరి దగ్గర పూత ఆలస్యంగా వస్తుంది, జులై చివర్లో వచ్చినవాళ్లు అక్కడికి వెళ్లాలి. అక్కడ ఆగస్టు 15న లావెండర్ పండుగ కూడా చేస్తారు. మీరు చూసే ఊదారంగు పొలాల్లో చాలావరకు అసలు లావెండర్ కాదు, లావెండిన్ అనే సంకర మొక్క. సబ్బులకీ సెంట్లకీ ఎక్కువ నూనె ఇస్తుందని దాన్ని పల్లపు పొలాల్లో వేస్తారు. అసలు లావెండర్ కొండల మీద, ఎత్తులో పెరుగుతుంది.

పూలు తప్పనిసరి కాదనుకుంటే మే నెల చివర, లేదా సెప్టెంబరు. మేలో చెర్రీలు పండుతాయి, సెప్టెంబరులో ద్రాక్షకోతలు. ఎండ తగ్గుతుంది, ఊళ్లలో నడిచే చోటు దొరుకుతుంది, అద్దెలు కూడా దిగుతాయి. పిల్లల స్కూళ్ల వల్ల మనవాళ్లకి మే నెల కలిసొస్తుంది కాబట్టి చివరి రెండు వారాలు చూసుకోండి. జులై, ఆగస్టుల్లో ఫ్రాన్స్ అంతా సెలవుల్లోనే ఉంటుంది, యూరప్‌లో సగం మంది ఇక్కడికే వచ్చినట్టుంటుంది.

విల్లా అంటే ఎలాంటి ఇల్లు? ఏం చూసి బుక్ చేసుకోవాలి?

ప్రకటనల్లో మూడు నాలుగు మాటలు కనిపిస్తాయి. మాస్ అంటే పాత రైతు ఇల్లు, మందపాటి రాతి గోడలతో పొడుగ్గా ఉంటుంది. బస్తీద్ అంటే కాస్త కలిగినవాళ్ల పెద్ద ఇల్లు. జీత్ అంటే సెలవులకి అద్దెకిచ్చే ఇల్లు, అది చిన్నదైనా కావచ్చు. విల్లా అని రాస్తే తరచుగా కొత్తగా కట్టిన ఇల్లు. నన్నడిగితే మాస్ తీసుకోండి. మధ్యాహ్నం రెండింటికి బయట రాళ్లు కాలుతుంటే లోపల చల్లగా ఉంటుంది. ఉత్తరం వైపు గోడకి కిటికీలు దాదాపు ఉండవు, ఇల్లు మొత్తం దక్షిణానికి తిరిగి ఉంటుంది. కారణం కింద మిస్ట్రాల్ గాలి దగ్గర చెబుతాను.

బుక్ చేసే ముందు ఇవి రాతపూర్వకంగా అడగండి. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిసే ఉన్నాయా విడిగా కట్టాలా? చివర్లో ఇల్లు శుభ్రం చేసే రుసుము ఎంత? డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? పడకగదుల్లో ఏసీ ఉందా? (పాత ఇళ్లలో లేకపోవడం మామూలే.) ఈతకొలను నీళ్లు వేడి చేస్తారా? మేలో చేయకపోతే పిల్లలు కాలు కూడా పెట్టలేరు. ఊళ్లో రొట్టెల దుకాణానికి నడిచి వెళ్లొచ్చా, కారు తీయాలా? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ పొద్దున్నే నడిచి వెళ్లి వేడి రొట్టె తెచ్చుకోగలిగే ఇల్లు, కొండ మీద ఒంటరిగా ఉన్న అందమైన ఇంటికన్నా వెయ్యి రెట్లు నయం, ముఖ్యంగా అమ్మానాన్నలు వెంట ఉంటే.

జులై, ఆగస్టుల్లో ఎక్కువ ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. సాయంత్రం నాలుగైదు గంటలకి తాళాలిచ్చి, వెళ్లే రోజు పది గంటలకల్లా ఖాళీ చేయమంటారు. విమానం టికెట్లు దీన్నిబట్టి కొనండి, ముందు టికెట్లు కొనేసి తర్వాత ఇల్లు వెతికితే ఇబ్బంది పడతారు.

ఎంత ఖర్చవుతుంది?

సీజన్‌నిబట్టి ఇంటి అద్దె ఎంతగా మారుతుందంటే ఒక అంకె చెప్పడం మీకు మేలు చేయదు. లెక్క వేసే పద్ధతి చెబుతాను. అద్దె, కారు, పెట్రోలు, టోల్, సరుకులు, ప్రవేశ రుసుములు, వీటికి తోడు తాక్స్ ద సెజూర్ అని మనిషికి రాత్రికి ఇంతని ఊరు వసూలు చేసే చిన్న పన్ను. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక పెద్ద ఇల్లు తీసుకుని ఇంట్లోనే వండుకుంటే హోటల్ గదులకన్నా తక్కువలో అయిపోతుంది. ఇద్దరే వెళ్తుంటే పెద్ద విల్లా దండగ, ఊరి మధ్యలో చిన్న జీత్ చాలు.

ఏ వైపు ఇల్లు తీసుకోవాలి?

ఉత్తరం వైపు, అంటే గోర్డ్, బోన్యు, ఆప్ట్‌ల మధ్య ఉన్న లోయలో తీసుకుంటే పేరున్న ఊళ్లన్నీ అరగంటలోపే. దక్షిణం వైపు, లూర్మరాన్, కుకురోన్, అన్సుయి దగ్గర, ప్రశాంతంగా ఉంటుంది. ఎక్స్ ఆన్ ప్రొవాన్స్, మార్సే దగ్గరవుతాయి. రెండు వైపుల్నీ కలిపే ప్రధాన దారి లూర్మరాన్ లోయ గుండా వెళ్లే వంకర రోడ్డు. మొదటిసారి వచ్చేవాళ్లకి ఉత్తరం, జనం వద్దనుకునేవాళ్లకి దక్షిణం. గోర్డ్ ఊళ్లోనే ఇల్లు తీసుకోవాలన్న మోజు మాత్రం వద్దు. ఆ పేరుకే సగం అద్దె పోతుంది.

ఎలా చేరుకోవాలి? కారు లేకుండా కుదరదా?

మన హైదరాబాద్ నుంచి మార్సేకి నేరుగా విమానం లేదు, గల్ఫ్ మీదుగానో యూరప్‌లో ఇంకో నగరం మీదుగానో రావాలి. మార్సే విమానాశ్రయం నుంచి లుబెరాన్ కారులో సుమారు గంట. పారిస్‌లో దిగితే గార్ ద లియోన్ స్టేషన్ నుంచి అవిన్యోన్ టీజీవీ (వేగంగా నడిచే రైళ్ల) స్టేషన్‌కి రైలులో రెండు గంటల నలభై నిమిషాల పైచిలుకు, కారు అక్కడే అద్దెకి తీసుకోవచ్చు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి పారిస్ నుంచి ఏడెనిమిది గంటలు కారు నడపొద్దు.

కారు లేకుండా కుదరదా అంటే, కుదరదనే చెబుతాను. బస్సులున్నాయి కానీ తక్కువ, ఆదివారాలు మరీ తక్కువ.

మన డ్రైవింగ్ లైసెన్సు పనికొస్తుందా?

పర్యాటకులకి పనికొస్తుంది, వెంట అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మన ఆర్టీఏ నుంచే తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు కూడా దగ్గర పెట్టుకోండి, పర్మిట్ ఒక్కటీ చూపిస్తే కారివ్వరు. గేర్లున్న కార్లే ఎక్కువ దొరుకుతాయి, ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, ధర కూడా ఎక్కువే. రోడ్డుకి కుడివైపు నడపాలి, గేరు కుడిచేత్తో వేయాలి. మొదటి రోజు కాస్త టెన్షన్‌గా ఉంటుంది, రౌండబౌట్ల దగ్గర పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడకుండా ఉంటే చాలు.

వేగం విషయంలో జాగ్రత్త. మోటార్‌వే మీద 130, పల్లె రోడ్ల మీద సాధారణంగా 80, ఊళ్లలో 50, చాలా ఊళ్లలో 30 బోర్డులు కూడా ఉంటాయి. కెమెరాలు పట్టుకుంటాయి, జరిమానా అద్దె కంపెనీ ద్వారా ఇంటిదాకా వస్తుంది. మనకి కొత్తగా ఉండే నియమం ఇంకొకటి: వేరే గుర్తేదీ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే దారి ఇవ్వాలి, మీరు పెద్ద రోడ్డు మీదున్నా సరే. చిన్న ఊళ్లలో ఇది బాగా ఎదురవుతుంది. కారు చిన్నదే తీసుకోండి. కుటుంబం పెద్దది కదాని పెద్ద వ్యాన్ తీసుకుంటే మెనెర్బ్ సందుల్లో రెండు వైపులా గోడలు తగులుతాయి.

వీసా సంగతి?

షెన్‌గెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, హైదరాబాద్‌లోనే దరఖాస్తు కేంద్రం ఉంది. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి 45, దానికి కేంద్రం వాళ్ల సేవా రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. విల్లా బుకింగ్ కాగితంలో ఇంట్లో ఉండబోయే అందరి పేర్లూ ఉండేలా యజమానిని అడగండి. నలుగురు వెళ్తుంటే ఒక్కరి పేరుతోనే కాగితం ఉంటే మిగతా వాళ్లకి ప్రశ్నలొస్తాయి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు, ఫిబ్రవరి, మార్చిలోనే పని మొదలుపెట్టండి.

ఏయే ఊళ్లు తప్పకుండా చూడాలి?

గోర్డ్ అందరికీ తెలుసు, కొండ చుట్టూ మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న ఊరు. దూరం నుంచి చూస్తేనే గొప్పగా ఉంటుంది, లోపల దుకాణాలే ఎక్కువ. అయినా ఒక విషయం తెలుసుకుని వెళ్లండి: 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం ఈ ఊరి మీద ప్రతీకారం తీర్చుకుంది, ఇళ్లు పేల్చేసింది. ఈరోజు ఫొటోలో అంత అందంగా కనిపిస్తున్న ఊరు కొంతభాగం యుద్ధం తర్వాత మళ్లీ కట్టుకున్నదే.

దాని పక్క లోయలో సెనాంక్ మఠం. సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు 1148లో స్థాపించారు. అలంకారం ఏమాత్రం లేకుండా, రాయి, వెలుగు, నిశ్శబ్దం, ఈ మూడింటితోనే కట్టిన కట్టడం. ఇప్పటికీ సన్యాసులుంటారు, వాళ్లు ప్రార్థనలు చేసే చోటు అది. లావెండర్ వరసల మధ్యలోకి దిగి ఫొటోలు దిగొద్దని బోర్డులు పెట్టినా చాలామంది దిగుతారు. దయచేసి మీరు దిగకండి.

మెనెర్బ్ నాకు ఇష్టమైన ఊరు. సన్నగా పొడుగ్గా కొండ వెన్ను మీద ఉంటుంది. కేథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య మత యుద్ధాల కాలంలో ప్రొటెస్టెంట్లు దీన్ని పట్టుకుని 1573 నుంచి 1578 దాకా ముట్టడిని తట్టుకున్నారు, ఆ కొండ అంచున నిలబడి కిందికి చూస్తే అది ఎలా సాధ్యమైందో అర్థమవుతుంది. ఫొటోగ్రాఫర్, చిత్రకారిణి డోరా మార్ ఇక్కడే ఉండేది, ఆ ఇంటిని పికాసో ఆమెకిచ్చాడు. ఎదురుగా లకోస్త్ ఊరు, పైన రచయిత మార్క్వీ ద సాద్ కోట. ఫ్రెంచి విప్లవంలో జనం దోచేసిన ఆ కోటని 2001లో డిజైనర్ పియర్ కార్దాన్ కొన్నాడు.

ఒపేద్ పాత ఊరు చాలామంది వదిలేస్తారు, వదలకండి. జనం కిందికి, పొలాల దగ్గరికి వెళ్లిపోయాక కొండ మీద సగం శిథిలంగా మిగిలిపోయిన ఊరు, పైన చర్చి, దానిపైన కూలిన కోట. ఎక్కడం కాస్త కష్టం, రాళ్లు జారతాయి, మంచి బూట్లు వేసుకోండి.

దక్షిణాన లూర్మరాన్. రచయిత ఆల్బేర్ కామూ 1957లో నోబెల్ బహుమతి అందుకుని, ఆ డబ్బుతో మరుసటి ఏడాది ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు, 1960 జనవరిలో కారు ప్రమాదంలో పోతే ఈ ఊరి శ్మశానంలోనే పూడ్చారు. సమాధి చాలా చిన్నది, పేరు చెక్కిన ఒక రాయి, దాని చుట్టూ మొక్కలు. ఈ ఊరికీ చుట్టుపక్కల ఊళ్లకీ ఇంకో బాధాకరమైన చరిత్ర ఉంది. వాల్డెన్సియన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇక్కడ పాడుబడ్డ భూముల్ని బాగుచేసుకుని బతుకుతుంటే, 1545 ఏప్రిల్‌లో సైన్యం వచ్చి ఊళ్లకి ఊళ్లు తగలబెట్టింది. మెరిందోల్ కొండ మీద ఆ పాత ఊరి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. పర్యాటకులు తక్కువగా వెళ్తారు, నా దృష్టిలో ఇది గోర్డ్ కన్నా ముందు చూడాల్సిన చోటు.

ఏ ఊరైనా పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. మధ్యాహ్నం ఇంట్లో ఉండండి. విల్లా తీసుకోవడంలో అసలు లాభం ఇదే: బస్సులో వచ్చినవాళ్లు ఊరు చూసే సమయంలో మీరు నిద్రపోవచ్చు, వాళ్లు వెళ్లిపోయాక ఊరు మీది.

రూసియోన్‌లో ఎర్రమట్టి కొండలున్నాయట, నిజమేనా?

నిజమే. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, తర్వాత వానలకి మార్పు చెంది, అందులోని ఇనుము వల్ల పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రకరకాల రంగులు తేలింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్నుంచి దీన్ని తవ్వి కడిగి ఎండబెట్టి రంగుపొడిగా అమ్మేవాళ్లు, ఓకర్ అంటారు. కృత్రిమ రంగులొచ్చాక ఆ పరిశ్రమ పడిపోయింది. ఊళ్లో ఇళ్లన్నీ ఆ రంగులతోనే పూత పూసి ఉంటాయి. పాత గనుల మధ్య నడకదారి ఉంది, టికెట్ కొనాలి. ఆ నడక చూసి వచ్చేయకుండా ఊరి బయట ఉన్న పాత ఓకర్ కర్మాగారానికి కూడా వెళ్లండి, మట్టిని కడిగే కాలువలు, ఆరబెట్టే తొట్లు, కొలిమి, అన్నీ చూపిస్తారు. అక్కడ చూశాకే కొండల రంగు వెనకాల ఎంతమంది కూలీల చాకిరీ ఉందో తెలుస్తుంది.

తెల్లబట్టలు వేసుకోకండి, ఆ రంగు పోదు. మట్టి తీసుకెళ్లడం నిషేధం. ఇంకో సంగతి, రచయిత శామ్యూల్ బెకెట్ నాజీలకి దొరక్కుండా 1942 నుంచి సుమారు రెండేళ్లు ఈ ఊళ్లోనే తలదాచుకున్నాడు.

సున్నం, సిమెంటు లేకుండా కట్టిన రాతి గుడిసెలు ఎక్కడ చూడొచ్చు?

గోర్డ్ దగ్గర బోరీల ఊరు. పొలంలో దున్నుతుంటే తగిలిన పలకరాళ్లని ఏరి, ఏ అతుకూ లేకుండా ఒకదాని మీద ఒకటి కాస్త ముందుకి జరుపుతూ పైకప్పు దాకా పేర్చుకుంటూ పోయిన గుడిసెలు. కొన్ని మనుషులకి, కొన్ని గొర్రెలకి, పట్టుపురుగులకి, రొట్టె పొయ్యికి. వాన నీరు లోపలికి రాదు. ఇలా రాళ్లు పేర్చే విద్యని 2018లో యునెస్కో అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది, ఫ్రాన్స్‌తో పాటు ఇంకొన్ని యూరప్ దేశాల పేరుతో. ఊరిదాకా వెళ్లకపోయినా, మీ విల్లా చుట్టూ నడిస్తే పొలాల గట్ల మీద ఇలాంటి గుడిసెలూ గోడలూ కనిపిస్తాయి. వాటి మీదకి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

రోమన్ల కట్టడాలు, పోపుల కోట దగ్గరేనా?

ఇంటి పక్కనే ఒకటుంది. బోన్యు కింద, క్రీ.పూ. 3లో కట్టిన జూలియన్ వంతెన. ఇటలీ నుంచి స్పెయిన్‌కి వెళ్లే రోమన్ రహదారి మీది వంతెన, దాని మీద 2005 దాకా కార్లు తిరిగాయి. పక్కన కొత్త వంతెన కట్టి ఇప్పుడు దీన్ని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు. టికెట్ లేదు, గేటు లేదు.

గంట దూరంలో పోన్ దు గార్, నీమ్ నగరానికి నీళ్లు తీసుకెళ్లిన 50 కిలోమీటర్ల కాలువలో నది దాటే భాగం. మూడు వరసల కమానులు, దాదాపు 49 మీటర్ల ఎత్తు. ఎండాకాలంలో దానికిందే నదిలో ఈదుతారు. ఒరాంజ్‌లో రోమన్ల రంగస్థలం, వెనక గోడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆర్ల్‌లో అండాకారపు క్రీడారంగం. అవిన్యోన్‌లో పోపుల కోట: 1309 నుంచి 1377 దాకా పోపులు రోమ్‌లో కాకుండా ఇక్కడున్నారు. లోపల గదులు చాలావరకు ఖాళీగా ఉంటాయి కాబట్టి వాళ్లిచ్చే టాబ్లెట్ గైడ్ తీసుకోండి. లే బో కొండ ఊరు కూడా ఈ వైపే. మన విశాఖ మన్యంలో దశాబ్దాలుగా గొడవలకి కారణమైన బాక్సైట్ ఖనిజాన్ని 1821లో మొదట గుర్తించింది అక్కడే.

వీటిల్లో వారానికి రెండు చాలు. మూడోది పెట్టుకుంటే సెలవు కాస్తా డ్యూటీ అయిపోతుంది.

మన తెలుగునేలకీ ప్రొవాన్స్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అది నేను అందరికీ చెప్పే విషయం. ఇక్కడి సంతల్లో పువ్వుల అచ్చులున్న నూలు బట్టలు, బల్ల మీద పరిచే గుడ్డలు కనిపిస్తాయి, ప్రొవాన్స్ బట్టలని అమ్ముతారు. వాటి పాత పేరు ఇందియెన్, అంటే ఇండియావి. పదిహేడో శతాబ్దంలో మన దేశం నుంచి మార్సే రేవుకి దిగిన అద్దకం బట్టలు జనానికి ఎంత నచ్చాయంటే, తమ పట్టు, ఉన్ని నేతవాళ్లు దెబ్బతింటారని ఫ్రెంచి రాజు 1686లో వాటిని నిషేధించాడు. 1759 దాకా నిషేధం నడిచింది. అవిన్యోన్ అప్పట్లో పోపుల రాజ్యం, ఫ్రాన్స్ చట్టం చెల్లదు కాబట్టి అక్కడ అద్దకం చాలా ఏళ్లు కొనసాగింది. అలా ఐరోపాకి అద్దకం బట్టలు ఎగుమతి చేసిన కోరమండల్ తీరపు పేరున్న రేవుల్లో మన మచిలీపట్నం ఒకటి, ఫ్రెంచి కంపెనీ కూడా 1669లోనే అక్కడ స్థావరం పెట్టింది. పెడన కలంకారీ చూసి పెరిగినవాళ్లకి ఆ తీగలూ పువ్వులూ కొత్తగా అనిపించవు. తరస్కోన్‌లో ఈ బట్టల మ్యూజియం ఉంది, పాత చెక్క అచ్చులు చూస్తే పెడన గుర్తుకురాక మానదు. మ్యూజియానికి వెళ్లలేకపోతే సంతలో కనీసం ఆ బట్టల్ని చేతిలోకి తీసుకుని చూడండి.

సంతలు ఏ రోజు, ఎక్కడ?

సోమవారం కవయోన్, మంగళవారం గోర్డ్, గురువారం రూసియోన్, శుక్రవారం లూర్మరాన్, బోన్యు, శనివారం ఆప్ట్, ఆదివారం లీల్ సూర్ లా సోర్గ్. అన్నీ పొద్దుటి సంతలే, పన్నెండున్నరకల్లా సర్దేస్తారు. నాకు ఆప్ట్ సంత ఇష్టం, అది పర్యాటకుల కోసం పెట్టింది కాదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వారానికి సరిపడా కొనుక్కునేది. అక్కడ పంచదార పాకంలో ఊరబెట్టిన పండ్లు దొరుకుతాయి, ఆ ఊరి ప్రత్యేకత. లీల్ సూర్ లా సోర్గ్ కాలువల మీద పెద్ద నీటిచక్రాలుంటాయి, పాత వస్తువుల దుకాణాలకి పేరు. ఎనిమిదిన్నర దాటితే పార్కింగు దొరకదు. కూరగాయలు, పండ్లు మీరే ఏరుకోకండి, ఏం కావాలో చెబితే వాళ్లే ఏరి ఇస్తారు.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

ఇంట్లో వండుకుంటే ఏ ఇబ్బందీ లేదు. వేసవిలో వంకాయలు, టమాటాలు, గుమ్మడి జాతి కాయలు, చిక్కుళ్లు, తులసి జాతి ఆకులు, వెల్లుల్లి, అన్నీ తాజాగా సంతలోనే. సూపర్‌మార్కెట్లలో బాస్మతి, ఎర్ర కందిపప్పు, సెనగలు ఉంటాయి. మన కందిపప్పు, ఇంగువ, చింతపండు ఈ ఊళ్లలో దొరకవు, వెంట తెచ్చుకోండి. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగు స్టీల్‌ది ఉండాలి.

రెస్టారెంట్లలో రతతూయ్, తియాన్ అడగండి, రెండూ కూరగాయల వంటలే. సెనగపిండితో చేసి వేయించే పనీస్ మనవాళ్లకి బాగా నచ్చుతుంది. తపెనాద్ అనే ఆలివ్ ముద్దలో ఆంచొవీ చేప ఉంటుంది, చాలామంది శాకాహారమనుకుని తినేస్తారు. చీజుల్లో చాలావాటిని దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో చేస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తెలుసుకోండి. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు లోపే, రెండున్నరకి వెళ్తే వంటగది మూసేసి ఉంటుంది.

మన ఊరి నుంచి ఏం తెచ్చుకోవచ్చు?

మాంసం, పాలతో చేసినవి ఐరోపాలోకి తీసుకురాకూడదు. నెయ్యి కూడా పాల పదార్థమే, అమ్మ ఎంత ప్రేమగా డబ్బాలో పెట్టి ఇచ్చినా విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఇక్కడ వెన్న కొని కాచుకుంటే అరగంటలో చక్కటి నెయ్యి వస్తుంది. పచ్చి కరివేపాకు, మామిడికాయల్లాంటి వాటికి ధ్రువపత్రం కావాలి కాబట్టి వద్దు. ఆవకాయ, కందిపొడి, కారాలు ఫరవాలేదు, సీలు చేసిన ప్యాకెట్లయితే మేలు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, ఇల్లు చూసి తీసుకుంటే. పాత ఇళ్లలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, కింద ఒక పడకగది, స్నానాలగది ఉన్నాయో లేదో అడగండి. ఈతకొలను విషయంలో ఫ్రాన్స్‌లో 2003 చట్టం ప్రకారం కంచె, మూత, అలారం లేదా పైకప్పు, వీటిలో ఒకటి తప్పనిసరి. చిన్నపిల్లలుంటే కంచె ఉన్న ఇల్లే తీసుకోండి, అలారం మోగేసరికే ఆలస్యం కావచ్చు. కొండ ఊళ్లన్నీ ఎత్తుపల్లాలే కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లూర్మరాన్, లీల్ సూర్ లా సోర్గ్ చూపించండి, అవి చదునుగా ఉంటాయి. ఫోంతెన్ ద వోక్లూజ్‌లో ఊట దాకా నది పక్కన నడక కూడా తేలికే, చివర్లో కాస్త ఎక్కాలి. ఫ్రాన్స్‌లో అతిపెద్ద ఊట అది, లోతు 308 మీటర్లని యంత్రాన్ని దింపి కొలిచారు. వసంతంలో ఉప్పొంగుతుంది, ఆగస్టులో నిశ్చలంగా మడుగులా ఉంటుంది.

అత్యవసరమైతే 112. చిన్న జబ్బులకి ముందు ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల షాపుకి వెళ్లండి, వాళ్లు ఓపిగ్గా సలహా చెబుతారు.

మిస్ట్రాల్ అంటే ఏమిటి? భయపడాలా?

రోన్ నది లోయ గుండా ఉత్తరం నుంచి వచ్చే పొడి గాలి. గంటకి 100 కిలోమీటర్లు దాటగలదు, రోజుల తరబడి వీస్తుంది. ఇళ్లు దానికి వీపు తిప్పి కట్టింది ఇందుకే. వచ్చిన రోజు ఆకాశం నీలంగా మెరిసిపోతుంది, ఎండ ఉంటుంది, కానీ మేలో కూడా స్వెట్టర్ కావాల్సి వస్తుంది. బయట కుర్చీలు, గొడుగులు మూసి కట్టేయండి.

అసలు భయపడాల్సింది అడవి మంటల గురించి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి, ఎండనిబట్టి కొండ దారుల్ని మూసేస్తుంటారు, ఏ రోజు ఏది తెరిచి ఉందో జిల్లా అధికారులు రోజూ ప్రకటిస్తారు, నడకకి ముందు చూసుకోండి. బయట నిప్పు, బార్బెక్యూ, సిగరెట్ పీక, ఏదీ వద్దు. యజమాని బార్బెక్యూకి అనుమతి లేదంటే అది పిసినారితనం కాదు, ఒక్క నిప్పురవ్వకి కొండ కొండే కాలిపోతుంది.

అక్కడివాళ్లతో ఎలా మెలగాలి? ఇంగ్లిష్ వస్తుందా?

దుకాణంలోకి అడుగుపెట్టగానే బోంజూర్ అనండి, ఆ తర్వాతే ఏదైనా అడగండి. అది చెప్పకుండా నేరుగా ఎంత అని అడిగితే మొహం ముడుచుకుంటారు, ఫ్రెంచివాళ్లకి పొగరు అని మనవాళ్లు అనుకునేది చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. బోంజూర్, సిల్ వు ప్లే, మెర్సీ, ఓర్‌వార్, ఈ నాలుగూ చాలు. ఇంగ్లిష్ కొంచెం కొంచెం వచ్చు, సంతలో పెద్దవాళ్లకి రాదు, వేళ్లతో చూపిస్తే సరిపోతుంది. రాత్రి పది దాటాక ఈతకొలను దగ్గర పాటలు, కేకలు వద్దు, లోయలో శబ్దం చాలా దూరం వినిపిస్తుంది. ఆ పక్కింట్లో రైతు తెల్లవారుజామున లేవాలి.

వారానికి ఒక పథకం చెప్పండి.

శనివారం చేరడం, సరుకులు కొనడం, ఇంకేమీ వద్దు. చాలా సూపర్‌మార్కెట్లు ఆదివారం మధ్యాహ్నానికి మూసేస్తాయి కాబట్టి ఈ కొనుగోలు వాయిదా వేయకండి. ఆదివారం పొద్దున లీల్ సూర్ లా సోర్గ్ సంత, మధ్యాహ్నం ఇల్లు. సోమవారం మెనెర్బ్, సాయంత్రం ఒపేద్. మంగళవారం పొద్దున్నే సెనాంక్, తర్వాత గోర్డ్ సంత. బుధవారం పోన్ దు గార్. గురువారం పగలంతా ఇంట్లో, పిల్లలు ఈతకొలనులో, మీరు వంకాయ కూర చేసుకుని పుస్తకం పట్టుకుని. ఎండ తగ్గాక రూసియోన్ వెళ్తే కొండల రంగు అప్పుడే బాగుంటుంది. శుక్రవారం లూర్మరాన్ సంత, కామూ సమాధి, మెరిందోల్ శిథిలాలు. పోపుల కోట ఇందులో లేదు, అవిన్యోన్ నుంచి రైలెక్కేవాళ్లు చివరి రోజు చూడొచ్చు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

శుభ్రం చేసే రుసుము కట్టినా సరే, గిన్నెలు కడిగి, ఫ్రిజ్ ఖాళీ చేసి, చెత్త తీసుకెళ్లి పడేయాలి. పల్లెల్లో ఇంటింటికీ చెత్తబండి రాదు, రోడ్డు చివర పెద్ద డబ్బాలుంటాయి, గాజు సీసాలకి వేరే డబ్బా. వంటింటి సింకులో పోపు నూనె, అన్నం మెతుకులు వదలకండి, చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకే ఉంటుంది, మూసుకుపోతే ఆ ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది. పసుపు మరకలు తెల్లటి రాతి గట్టు మీద పడితే వెంటనే తుడవండి. వచ్చిన రోజే ఇల్లంతా తిరిగి, ముందునుంచీ ఉన్న పగుళ్లు, మరకలు ఫొటోలు తీసి యజమానికి పంపండి. తాళాలు ఇచ్చేటప్పుడు డిపాజిట్ ఎప్పుడు, ఎలా తిరిగిస్తారో ఇంకోసారి అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.